పడిన క్వాడ్‌కాప్టర్‌ని మళ్ళీ కట్టడం: ఏది ఉంచాలి, ఏది మార్చాలి, ఏది ముందు విరగాలి

క్వాడ్, అంటే నాలుగు ప్రొపెల్లర్ల డ్రోన్, పడింది. మోటార్లను మోసే చేతులు (ఆర్మ్‌లు) రెండు విరిగాయి, ఒక మోటారు చేత్తో తిప్పితే గరగరమంటోంది, ప్రొపెల్లర్లు నాలుగూ పోయాయి. ఉన్నదాన్నే బాగుచేసుకోవాలా, ఫ్రేమ్ మార్చాలా, లేక వేరే రకం క్వాడ్‌కే మారిపోవాలా? కానూరు, వడ్డేశ్వరం, వడ్లమూడి కాలేజీల పిల్లలైనా, ఆదివారం పూట సరదాగా ఎగరేసుకునే ఉద్యోగస్తులైనా ఎప్పుడో ఒకప్పుడు వచ్చి నిలబడేది ఇక్కడే. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదప్పుడు సింగ్‌నగర్ మేడల మీదికి డ్రోన్లు అన్నం పొట్లాలు చేర్చడం, ఆ మరుసటి నెల పున్నమి ఘాట్ దగ్గర 5,500 డ్రోన్ల ప్రదర్శన చూసి, తామూ ఒకటి కట్టాలని మొదలుపెట్టినవాళ్ళు మన బెజవాడలో తక్కువేమీ కాదు. వాళ్ళలో చాలామంది క్వాడ్‌లు ఇప్పటికే ఒకటి రెండుసార్లు నేల చూసి ఉంటాయి.

మళ్ళీ కట్టుకోవడం తప్పదనడానికి ఇంకో కారణం కూడా ఉంది. పూర్తిగా తయారైన డ్రోన్లను విదేశాల నుంచి దిగుమతి చేసుకోవడం 2022 ఫిబ్రవరి నుంచి మన దేశంలో నిషేధం. విడిభాగాలకు ఆ అడ్డు లేదు. కాబట్టి మంచి ఫ్రేమ్, మోటార్లు, బోర్డు విడివిడిగా దొరుకుతాయి, కట్టుకునే ఓపిక మనకు ఉండాలి.

నా సలహా మొత్తం ఒక్క మాట మీద నిలబడుతుంది: పడినా ఏమీ కాని క్వాడ్ కోసం వెతకకండి. పడినప్పుడు ఏది ముందు విరగాలో మీరే నిర్ణయించి కట్టండి. ఇంట్లో ఫ్యూజు తీగ కరిగిపోతేనే కదా టీవీ, ఫ్రిజ్ బతికేది. క్వాడ్‌లో ఆ ఫ్యూజు తీగ పని ముందు ప్రొపెల్లర్‌ది, దాని తర్వాత కాళ్ళది, ఆ తర్వాత ఆర్మ్‌ది. మోటారు, దాని వేగాన్ని అదుపు చేసే ఈఎస్‌సీ, క్వాడ్‌ను నిలకడగా నడిపే కంట్రోలర్ బోర్డు, బ్యాటరీ దాకా దెబ్బ రాకూడదు. ఏ రెండు వస్తువుల మధ్య తేల్చుకోలేకపోయినా ఈ మూడు ప్రశ్నలు వేసుకోండి. ఇది విరిగితే వెంట ఏం లాక్కుపోతుంది? కొత్తది ఎంతకు వస్తుంది? వచ్చే ఆదివారం లోపు చేతికి వస్తుందా? మూడో ప్రశ్న చిన్నదిగా తీసిపారేయకండి. స్క్రూలు, హీట్‌ష్రింక్, టంకం, వైరు బెజవాడలో ఎక్కడైనా దొరుకుతాయి కానీ, ఆర్మ్‌లు, మోటార్లు, బోర్డులు చాలాసార్లు కొరియర్‌లో రావలసిందే.

ముందు బరువు లెక్క

10 మీటర్లంటే దాదాపు మూడంతస్తుల మేడ. 1,200 గ్రాముల క్వాడ్ అంత ఎత్తులో మోటార్లు ఆగి పడిపోతే, గాలి అడ్డు వదిలేసి చూస్తే, నేలను తాకేటప్పుడు వేగం గంటకు 50 కిలోమీటర్లు. దాంట్లో ఉన్న శక్తి సుమారు 118 జౌళ్ళు. 250 గ్రాముల క్వాడ్ అదే ఎత్తు నుంచి అదే వేగంతో పడుతుంది, కానీ శక్తి 25 జౌళ్ళ లోపే. అయిదో వంతు దెబ్బ. ఇసుమంత క్వాడ్‌లు గోడకు కొట్టుకుని కూడా లేచి ఎగరడంలో మాయ ఏమీ లేదు, ఈ లెక్కే.

రక్షణ కోసమని మీరు తగిలించే ప్రతి ముక్కా ఆ 118ని పెంచుతుంది. మందపాటి ప్లేటు, పొడుగు కాళ్ళు, ప్రొపెల్లర్ గార్డులు, అన్నీ కలిపి 200 గ్రాములు పెరిగితే దెబ్బ ఆరో వంతు పెరిగినట్టే. పైగా మోటార్లు ఎక్కువ కష్టపడతాయి, బ్యాటరీ తొందరగా దిగుతుంది, గాలి తోసినప్పుడు తేరుకునే బలం తగ్గుతుంది. నాలుగు మోటార్లు కలిసి పైకి లేపే బలం క్వాడ్ బరువుకు కనీసం రెట్టింపు ఉండాలన్నది పాత లెక్కే, ఇప్పటికీ మంచి లెక్క. అందుకే మళ్ళీ కట్టేటప్పుడు ఏం తగిలించాలి అన్నదానికన్నా ముందు ఏం తీసేయవచ్చో చూడండి. వాడని గింబల్ (కెమెరాను అదరకుండా పట్టేది), అవసరానికి మించి పొడుగున్న వైర్లు, ఎప్పుడో అతికించిన ఎల్‌ఈడీ పట్టీలు తీసి పక్కన పెట్టండి.

ఫ్రేమ్: నైలానా, కార్బనా, చెక్కా?

ఎక్కువమంది చేతుల్లో ఉండేది ఎఫ్450 తరహా ఫ్రేమ్. ఎదురెదురు మోటార్ల మధ్య 450 మిల్లీమీటర్లు, గాజుపోగు కలిపిన నైలాన్ ఆర్మ్‌లు నాలుగు, మధ్యలో రెండు ఫైబర్‌గ్లాస్ ప్లేట్లు. కింది ప్లేటులోనే బ్యాటరీ కరెంటును నాలుగు ఈఎస్‌సీలకు పంచే రాగి గీతలు ఉంటాయి. ఈ ఫ్రేమ్‌లో నాకు నచ్చేది దాని బలం కాదు, అది విరిగే తీరు. ఆర్మ్ కొంత వంగుతుంది, దెబ్బ మింగుతుంది, ఇక తట్టుకోలేకపోతే మొదట్లో స్క్రూల దగ్గర విరుగుతుంది. స్క్రూలు విప్పి కొత్త ఆర్మ్ బిగిస్తే పని అయిపోతుంది. ఒక్కో ఆర్మ్ ఖరీదు ఒకటి రెండు వందల్లో ఉంటుంది. నాలుగు ఆర్మ్‌లు అదనంగా కొని పెట్టుకుంటే ఆ ఏడాదికి ఫ్రేమ్ బెంగ లేనట్టే.

విరిగిన నైలాన్ ఆర్మ్‌ను సూపర్‌గ్లూతోనో, ఎపాక్సీ పూసి కట్టు కట్టో వాడొచ్చా? వద్దు. అతుకు నిలబడినట్టే కనిపిస్తుంది, కానీ ఆర్మ్ ఒక వెంట్రుకవాసి వంకరగా అతికినా మోటారు వంగి నిలుస్తుంది. క్వాడ్ ఒక పక్కకు తిరుగుతూనే ఉంటుంది, కంట్రోలర్ దాన్ని సరిచేస్తూ కొన్ని మోటార్లను అదనంగా వాడేస్తుంది. కింది ప్లేటుకు పగులు వస్తే కూడా అంతే. అది ప్లేటు మాత్రమే కాదు, కరెంటు దారి కూడా. పగులు రాగి గీత మీదుగా పోయిందంటే నేల మీద బాగానే నడుస్తుంది, పైకి వెళ్ళి కరెంటు పెరిగినప్పుడు తెగుతుంది. ప్లేటు మార్చేయండి.

నైలాన్ గురించి ఒక కిటుకు. కొత్తగా ప్యాకెట్ విప్పిన నైలాన్ పొడిగా ఉంటుంది, పొడి నైలాన్ పెళుసు. తేమ పీల్చుకున్నాక కొంత సాగుతుంది. కొత్త ఆర్మ్‌లను ఒక గంట వేడినీళ్ళలో ఉంచి, చల్లారాక ఆ నీళ్ళలోనే ఒక రాత్రి వదిలేస్తే కొంత మొండితనం వస్తుంది. గాజుపోగు కలిసిన నైలాన్ కాబట్టి మార్పు బ్రహ్మాండంగా ఉండదు. ఖర్చు లేని పని, చేసుకోవచ్చు.

కార్బన్ ఫైబర్ అంటే అందరికీ గౌరవం. అయిదు అంగుళాల ప్రొపెల్లర్ల చిన్న ఫ్రేమ్‌లో ఆ గౌరవం న్యాయమైనదే. తక్కువ బరువు, పొట్టి ఆర్మ్‌లు, వంగే ప్రొపెల్లర్లు, ఈ మూడూ కలిసి దెబ్బకు బాగా తట్టుకునే క్వాడ్ అదే. క్వాడ్ కెమెరా చూపించేది కళ్ళద్దాల్లో చూస్తూ చెట్ల మధ్య పల్టీలు కొట్టించే ఎఫ్‌పీవీ ఎగరేతకు ఇంకోటి చూడనక్కర్లేదు. కొనేటప్పుడు రెండు రకాలు కనిపిస్తాయి. ఒకటి ఆర్మ్‌లు, నడుమ ప్లేటు కలిపి ఒకే ముక్కగా కోసినది, ఇంకోటి ఆర్మ్‌లు విడిగా బిగించేది. ఒకే ముక్క తేలిక, గట్టి. కానీ ఒక్క ఆర్మ్ విరిగితే క్వాడ్ మొత్తం విప్పి ప్లేటు మార్చాలి. విడి ఆర్మ్‌లదే తీసుకోండి, ఆర్మ్ మందం 5 మిల్లీమీటర్లకు తగ్గకుండా చూడండి. 4 మిల్లీమీటర్ల ఆర్మ్‌లు పందేలకు తేలికగా బాగుంటాయి, నేర్చుకునేవాళ్ళకు నిలవవు.

కార్బన్‌కు మూడు జాగ్రత్తలు. అది కరెంటును ప్రవహింపజేస్తుంది, కాబట్టి వైరు తొడుగు ఒరుసుకుపోయి ఆర్మ్‌కు తగిలితే షార్ట్. ఒరుసుకునే చోటల్లా వైరుకు గుడ్డ టేపు చుట్టండి. రేడియో సంకేతాన్ని అడ్డుకుంటుంది, యాంటెన్నా ఫ్రేమ్ బయటికి రావాలి. అంచులు దెబ్బ తిన్నప్పుడు పొరలు పొరలుగా విడిపోతుంది, కొత్తగా ఉన్నప్పుడే అంచుల వెంట పల్చగా సూపర్‌గ్లూ పట్టిస్తే ఆ విడిపోవడం ఆలస్యమవుతుంది. అంచులు సానబెట్టాలంటే తడిపి, మాస్కు పెట్టుకుని చేయండి, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు.

450 సైజు ఫ్రేమ్‌ను బలం కోసమని కార్బన్ గొట్టాల ఫ్రేమ్‌గా మార్చడం మాత్రం నేను వద్దంటాను. పొడుగు గొట్టం దెబ్బకు వంగదు, ఒక్కసారిగా చీలుతుంది. చీలకపోతే మోటారును పట్టుకున్న క్లాంపు మెలి తిరుగుతుంది, అది కంటికి కనిపించదు. నైలాన్ మింగే దెబ్బను ఇది నేరుగా మోటారు బేరింగుకు అందిస్తుంది. డబ్బు ఎక్కువ పెట్టి ఖరీదైన భాగాన్ని ముందు విరగ్గొట్టుకున్నట్టు అవుతుంది.

హార్డ్‌వేర్ షాపులో దొరికే అల్యూమినియం చదరపు గొట్టంతో ఆర్మ్‌లు చేసుకునేవాళ్ళూ ఉన్నారు. ఆటోనగర్‌లో ఎవరైనా చిటికెలో కోసి, రంధ్రాలు వేసి ఇస్తారు నిజమే. కానీ అల్యూమినియం విరగకుండా వంగుతుంది, వంగినదాన్ని సరిచేసినా మొదటి తిన్నదనం రాదు. దానికన్నా ఆరిన, తిన్నని ఈనె ఉన్న చెక్క మేలు. చెక్క అదురును బాగా అణుస్తుంది, విరిగితే శుభ్రంగా విరుగుతుంది, వీధి చివర వడ్రంగి గంటలో ఇంకోటి చేసిస్తాడు. వానాకాలం తేమకు ఉబ్బకుండా వార్నిష్ పూయండి, మోటారు స్క్రూల కింద వెడల్పు వాషర్లు వేయండి. డబ్బు కటకటగా ఉన్న కాలేజీ ప్రాజెక్టుకు చెక్క ఆర్మ్‌లు సిగ్గుపడాల్సినవి కావు.

ఇక త్రీడీ ప్రింట్ ముక్కలు. కాలేజీ ల్యాబుల్లో యంత్రానికి సాధారణంగా ఎక్కించి ఉండేది పీఎల్‌ఏ ప్లాస్టిక్. అది 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. మే నెలలో బెజవాడ ఎండలో తలుపులు మూసి నిలిపిన కారు లోపల అంత వేడి సులువుగా వస్తుంది. పొద్దున తిన్నగా ఉన్న జీపీఎస్ స్టాండు మధ్యాహ్నానికి వాలిపోతుంది, జీపీఎస్‌తో పాటు దాంట్లో ఉన్న దిక్సూచి కూడా వాలుతుంది. గట్టిగా ఉండాల్సిన ముక్కకు పీఈటీజీ అడగండి, వంగి లేవాల్సిన ముక్కకు టీపీయూ. ఆర్మ్ చివర మోటారు కింద తొడిగే టీపీయూ టోపీ కొద్ది గ్రాములే ఉంటుంది, నేలకు తగిలే మొదటి దెబ్బ అదే తింటుంది. నేను ఏ ఫ్రేమ్‌కైనా ముందు చేయించమనేది ఇదే.

ప్రొపెల్లర్లు, మోటార్లు

ప్రొపెల్లర్ విషయంలో గట్టిదనం శత్రువు. 10 అంగుళాల కార్బన్ ప్రొపెల్లర్ సమంగా తిరుగుతుంది, మోత తక్కువ, చూడ్డానికి అందంగా ఉంటుంది. కానీ నేలకు తగిలితే తాను విరగకుండా మోటారు షాఫ్టును వంచుతుంది, వేలికి తగిలితే ఇంకా ఘోరం. 450కి మామూలు ప్లాస్టిక్ 1045 (10 అంగుళాల) జతలు అరడజను కొని పెట్టుకోండి. అయిదు అంగుళాల వాటికి పాలీకార్బనేట్ మూడు రెక్కలవి, అవి వంగుతాయి, చేత్తో సరిచేసి ఆ పూటకు ఎగరేయొచ్చు. ఏ ప్రొపెల్లర్ అయినా నడుమ దగ్గర తెల్లని గీత కనిపిస్తే అది లోపల చిట్లినట్టే, పారేయండి.

తిరిగేకొద్దీ తానే బిగుసుకునే 9450 తరహా ప్రొపెల్లర్లు సుఖంగా ఉంటాయి, రెంచి అక్కర్లేదు. మీ ఈఎస్‌సీలు మోటారుకు గట్టిగా బ్రేకు వేసే రకం అయితే మాత్రం వేగం ఒక్కసారిగా తగ్గినప్పుడు అవి విప్పుకునే ప్రమాదం ఉంది. అలాంటి ఈఎస్‌సీలకు నైలాన్ రింగు ఉన్న లాక్‌నట్ పడే మోటారే మేలు.

పడిన క్వాడ్ మోటారును చెవితో, వేలితో పరీక్షించాలి. నాలుగింటినీ ఒక్కొక్కటిగా చేత్తో తిప్పి పోల్చండి. కృష్ణ ఇసుక తిన్నెల మీద ఎగరేసేవాళ్ళకు గరగర శబ్దం మామూలే. ఇసుకలోని నల్లని ఇనుప రేణువులు మోటారు అయస్కాంతాలకు పట్టుకుంటాయి, ఊదితే పోవు. మోటారు గంటను (తిరిగే పై డొప్పను) విప్పి, అంటుకునే టేపుతో అద్ది తీయాలి. దిగడానికి ఒక పాత ఫ్లెక్సీ ముక్క పరిస్తే ఈ తిప్పలు సగం తప్పుతాయి. శుభ్రం చేశాక కూడా గరగరమంటే అది బేరింగు. ఇక్కడ నిర్ణయం ఖరీదును బట్టి ఉంటుంది. ఏ2212 తరహా చవక మోటారుకు బేరింగు మార్చే శ్రమ దండగ, మోటారే మార్చండి. 2207, 2306 సైజు మంచి మోటారుకు బేరింగు, షాఫ్టు, పై గంట విడిగా దొరుకుతాయి, బాగుచేయడమే లాభం. షాఫ్టు వంగిన మోటారును సుత్తితో సరిచేయడం జరగని పని.

కొత్త ఆర్మ్ వేసినప్పుడు చాలామంది మరిచిపోయేది స్క్రూ పొడవు. పాత ఆర్మ్ మందానికి సరిపోయిన స్క్రూ పల్చని కొత్త ఆర్మ్‌లోంచి పైకి పొడుచుకొచ్చి మోటారు చుట్లకు తగులుతుంది. బ్యాటరీ తగిలించగానే ఈఎస్‌సీ కాలుతుంది. స్క్రూ బిగించాక మల్టీమీటర్‌తో మోటారు వైరుకూ స్క్రూకూ మధ్య బీప్ రాలేదని చూసుకోండి. స్క్రూలు వదులు కాకుండా పట్టే నీలం రంగు థ్రెడ్‌లాకర్ జిగురు ఒక్క చుక్క చాలు, అదీ లోహంలో లోహం బిగిసే చోటే. ఏబీఎస్, పాలీకార్బనేట్ భాగాల మీద అది కారితే వాటికి పగుళ్ళు వస్తాయి.

గార్డులా, కాళ్ళా?

450కి ప్రొపెల్లర్ గార్డులు ఇంటి లోపల, పిల్లల దగ్గర ఎగరేసేటప్పుడు ఉండాలి, అందులో రెండో మాట లేదు. ఆరుబయట మాత్రం తీసేయండి. బరువు పెంచుతాయి, గాలికి తెరచాపలా పట్టుకుంటాయి, వరి కోసిన చేలో కొయ్యలకు చిక్కుకుని క్వాడ్‌ను బోర్లా పడేస్తాయి. పొడుగు కాళ్ళదీ అదే కథ. పక్కకు జరుగుతూ దిగితే కాలు తట్టుకుని క్వాడ్ తిరగబడుతుంది, ప్రొపెల్లర్లు నేలను తవ్వుతాయి. పొట్టి కాళ్ళు, వెడల్పు నిలకడ, అడుగున ఫోమ్ ముక్క, ఇది చాలు. కెమెరా వేలాడుతుంటే తప్ప పొడుగు కాళ్ళ అవసరం లేదు.

మన నల్లరేగడి గురించి కూడా చెప్పాలి. వానల తర్వాత ఆ నేల మెత్తగా ఉంటుంది, పడినా క్వాడ్ బతుకుతుంది. బురద మోటార్లలోకి పోతుంది, అదే ఇబ్బంది. వేసవిలో అదే నేల నెర్రెలు విచ్చి సిమెంటులా గట్టిపడుతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్ళు ఏప్రిల్, మే నెలల్లో ఎగరేస్తే గడ్డి ఉన్న మైదానం చూసుకోవడం మేలు.

కంట్రోలర్, ఈఎస్‌సీలు

పాత ఏపీఎం 2.8 బోర్డు విరిగితే మళ్ళీ అదే కొనకండి. చవగ్గా దొరుకుతూనే ఉంది, కానీ ఆ 8 బిట్ చిప్‌కు, క్వాడ్‌ను నడిపే ఆర్డుపైలట్ సాఫ్ట్‌వేర్ కాప్టర్ 3.2.1తోనే ఆగిపోయింది, ఆ తర్వాత వచ్చిన మెరుగులేవీ దానికి అందవు. జీపీఎస్‌తో నిలకడగా ఎగరాలంటే పిక్స్‌హాక్ తరహా బోర్డు, లేదా ఆర్డుపైలట్, ఐనావ్ నడిచే ఎఫ్405 బోర్డు తీసుకోండి. పల్టీల ఎఫ్‌పీవీకి బీటాఫ్లైట్ నడిచే ఎఫ్405, ఎఫ్722 బోర్డులు. కేకే 2.1.5కి జీపీఎస్ లేదు, ఇంటికి తిరిగి రావడం తెలియదు, కానీ తెర మీదే సెట్టింగులు మార్చుకోవచ్చు. రిమోట్ స్టిక్కులు నేర్చుకోవడానికి ఇప్పటికీ పనికొస్తుంది. ఇప్పటికే ఉంటే వాడుకోండి, కొత్తగా మాత్రం కొనొద్దు.

ఈఎస్‌సీలు విడివిడిగా నాలుగా, ఒకే బోర్డు మీద నాలుగా? 450కి విడివిడిగా. ఒకటి కాలితే ఒకటే మార్చుకుంటారు, ఆర్మ్ మీద ఉంటాయి కాబట్టి ప్రొపెల్లర్ గాలికి చల్లబడతాయి. అయిదు అంగుళాల ఫ్రేమ్‌లో చోటు లేదు, నాలుగూ కలిసిన బోర్డే పెట్టక తప్పదు, దాంట్లో ఒక వరస కాలినా బోర్డు మొత్తం పోయినట్టే. బ్యాటరీ వైర్లు అతికే చోట 35 వోల్టుల, 470 నుంచి 1,000 మైక్రోఫారడ్ల మంచి కెపాసిటర్ ఒకటి టంకం వేయండి. కరెంటు కుదుపుల నుంచి బోర్డును కాపాడేది అదే. బ్యాటరీ వైరును ఆర్మ్‌కు జిప్‌టైతో కట్టండి, పడినప్పుడు బ్యాటరీ ఎగిరిపోతే లాగుడు టంకం మీద కాకుండా జిప్‌టై మీద పడుతుంది.

కాలవలు, చెరువులు, కృష్ణ మధ్య ఎగరేసేవాళ్ళం కాబట్టి బోర్డులకు తడి తగలకుండా కాపాడే సిలికోన్ పూత (కన్ఫార్మల్ కోటింగ్) పూయడం నా లెక్కలో తప్పనిసరి. యూఎస్‌బీ సాకెట్, బటన్లు, కనెక్టర్లు, ఎత్తు కొలిచే బారోమీటర్ రంధ్రం వదిలేసి మిగతాదంతా పూయండి. నీళ్ళలో పడితే ముందు బ్యాటరీ తీయాలి, మంచినీళ్ళతో బురద కడిగి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, పూర్తిగా ఆరాకే కరెంటు ఇవ్వాలి.

బ్యాటరీ

ఈ ఒక్క భాగంలో బాగుచేయడం అన్న ఆలోచనే వద్దు. మూల నొక్కుకుపోయినా, ఉబ్బినా, పై పొర చిరిగినా ఆ లిపో బ్యాటరీ జీవితం అయిపోయింది. పడిన వెంటనే దాన్ని విప్పి, మండేవి ఏవీ లేని చోట, ఇసుక మీదో, వట్టి మట్టి కుండలోనో అరగంట పైగా ఉంచి చూడండి. స్కూటర్ డిక్కీలో వేసుకుని ఇంటికి తేవద్దు. లోపల సెల్ చిట్లితే మంట వెంటనే రావాలని లేదు, ఆలస్యంగా కూడా రావచ్చు.

450లో బ్యాటరీని కింద వేలాడదీయడం అలవాటు. పడితే మొదట తగిలేది అదే, అంటే మంట పెట్టే వస్తువును ఫ్యూజు తీగ చోటులో పెట్టినట్టు. పై ప్లేటు మీదికి మార్చండి. గింబల్ ఉండి పైకి మార్చడం కుదరకపోతే కింద పల్చని ఫోమ్ పలక వేసి, కాళ్ళు బ్యాటరీ కన్నా కిందికి ఉండేలా చూడండి. దిగాల్సిన హద్దు సెల్‌కు 3.5 వోల్టులు, మూడు సెల్‌ల బ్యాటరీకి 10.5. వారం పైగా ఎగరేయకపోతే సెల్‌కు 3.8 వోల్టుల దగ్గర ఉంచి, ఎండ తగలని చోట దాచండి.

పడకముందే ఆపే సెట్టింగులు

డబ్బు ఖర్చు లేని రక్షణ ఇదే, అయినా ఎక్కువమంది దీన్ని ఆఖరికి వదిలేస్తారు. ప్రొపెల్లర్లు తీసేసి, క్వాడ్‌కు కరెంటు ఇచ్చి, ఆర్మ్ చేసి (మోటార్లు తిరిగేలా స్విచ్ వేసి), రిమోట్ ఆపేయండి. మోటార్లు మీరు అనుకున్నట్టు ప్రవర్తించాలి. లేకపోతే రిసీవర్ ఫెయిల్‌సేఫ్ (సంకేతం పోతే ఏం చేయాలో చెప్పే సెట్టింగు) సరిగా పెట్టలేదన్నమాట. కొన్ని చవక రిసీవర్లు సంకేతం పోయినా చివరి థ్రాటిల్‌నే పంపుతూ ఉంటాయి, క్వాడ్ అలాగే ఊరి మీదికి వెళ్ళిపోతుంది.

ఆర్డుపైలట్‌లో ఇంటికి తిరిగొచ్చే ఎత్తు మొదట 15 మీటర్లుగా ఉంటుంది. మన దగ్గర తాడిచెట్టు 20 మీటర్లు దాటి పెరుగుతుంది, హైటెన్షన్ తీగలు చెప్పనక్కర్లేదు. మీరు ఎగరేసే చోట అన్నిటికన్నా ఎత్తైనది చూసి, దానికి పైన కనీసం 10 మీటర్లు కలిపి పెట్టుకోండి. క్వాడ్ ఉండాల్సిన కోణానికి 30 డిగ్రీలకు పైగా తేడాగా 2 సెకన్లు పడి ఉంటే మోటార్లు ఆపేసే సెట్టింగు కూడా ఆర్డుపైలట్‌లో ఉంది, దాన్ని ఆపేయకండి. దానికన్నా ముందు మీ వేలు ఉండాలి. పడుతోందని అర్థమైన క్షణంలో డిసార్మ్ స్విచ్ వేయండి. ఇరుక్కున్న ప్రొపెల్లర్‌ను తిప్పబోయి ఈఎస్‌సీలు కాలడం నేల దెబ్బకు పోవడం కన్నా ఎక్కువ. బీటాఫ్లైట్‌లో బోర్లా పడినదాన్ని తిప్పే తాబేలు మోడ్‌దీ ఇదే సంగతి. గడ్డిలో చిక్కుకున్నప్పుడు పదే పదే వాడితే మోటారు మాడుతుంది. నడిచి వెళ్ళి తెచ్చుకోండి.

ఎగరేసే చోటు కూడా ఒక ఎంపికే. 2021 డ్రోన్ నియమాల ప్రకారం విమానాశ్రయ ప్రహరీ నుంచి 12 కిలోమీటర్ల దాకా ఎత్తుకు ప్రత్యేక హద్దులు ఉన్నాయి, కాబట్టి గన్నవరం వైపు వెళ్ళేవాళ్ళు ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్‌లో ఆ చోటు జోన్ రంగు చూసుకుని వెళ్ళాలి. 250 గ్రాముల లోపు నానో, 2 కిలోల దాకా మైక్రో. వ్యాపారానికి కాకుండా మైక్రో ఎగరేసేవాళ్ళకు పైలట్ సర్టిఫికెట్ అడగరు, రిజిస్ట్రేషన్ సంగతి మాత్రం విడిగా చూసుకోవాలి. బ్యారేజీ, కొండ మీద గుడి, రైల్వే జంక్షన్ చుట్టూ జనం ఉంటారు. అక్కడ పడితే విరిగేది ఆర్మ్ కాదు.

ఎవరికి ఏది

కాలేజీ ప్రాజెక్టుకు, పొలం ఫొటోలకు, జీపీఎస్ నేర్చుకోవడానికి: ఉన్న 450నే నిలబెట్టండి. నైలాన్ ఆర్మ్‌లు, ప్లాస్టిక్ ప్రొపెల్లర్లు, టీపీయూ టోపీలు, పైకి మార్చిన బ్యాటరీ, బోర్డు పాతదైతే ఆర్డుపైలట్ ఎఫ్405. పగిలింది ఆర్మ్‌లు, ప్రొపెల్లర్లే అయితే ఫ్రేమ్ మార్చే ఖర్చుకు అర్థం లేదు. మోటార్లు రెండుకు మించి పోయి, బోర్డు కూడా పోతే కొత్తగా కట్టడమే చవక.

వారం వారం పడేస్తున్నారంటే, పడేంత సరదాగా ఎగరేస్తున్నారంటే, 450 మీకు తగినది కాదు. దాని రేడియో, చార్జరు ఉంచుకుని విడి ఆర్మ్‌ల అయిదు అంగుళాల కార్బన్ ఫ్రేమ్‌కు మారండి. కొనేముందు సిమ్యులేటర్‌లో సాధన చేయండి, అక్కడ పడితే ఏమీ ఖర్చు కాదు.

ఇంట్లో చిన్నపిల్లలు ఉండి, హాల్లోనూ మేడ మీదా ఎగరేయాలనుకునేవాళ్ళకు ప్రొపెల్లర్ల చుట్టూ గుండ్రటి గోడ ఉన్న చిన్న నానో. దాని రక్షణకు మీరు ఇంకేమీ తగిలించనక్కర్లేదు.

ఏది కట్టినా మొదటి ఎగరేత నడుమెత్తు దాటనివ్వకండి. ఒక నిమిషం గాలిలో నిలిపి, దించి, మోటార్లు నాలుగూ ముట్టుకుని చూడండి. ఒకటి మిగతావాటికన్నా వేడిగా ఉంటే అక్కడే ఏదో తేడా. ఆర్డుపైలట్ అయితే లాగ్ (ఎగిరినప్పటి రికార్డు) తీసి అదురు అంకెలు చూడండి. 30 లోపు ఉంటే పైకి వెళ్ళొచ్చు. 60 దాటితే ప్రొపెల్లర్లు విప్పి, ఒక్కో మోటారును విడిగా తిప్పి, అదిరేది ఏదో దొరికేదాకా ఆ క్వాడ్ బల్ల మీదే ఉండాలి.